31 బ్రిడ్జిల మెయింటెనెన్స్ డైరీ: నీళ్లు ఎటు పోతున్నాయి?

ఫిబ్రవరి 2025, మూడో వారం

కొత్త పని మొదలైంది, ఈసారి మొదట్నుంచీ రాసి పెట్టుకుందామని కూర్చున్నా. సిటీ నుంచి బయటికి పోయే ఒక హైవే మీద 31 బ్రిడ్జిలకి ప్రివెంటివ్ మెయింటెనెన్స్ (పాడవకముందే చేసే పని) ప్లాన్ తయారు చెయ్యాలి, ఆ తర్వాత ఏడాది పాటు గ్యాంగ్‌ని పెట్టి దగ్గరుండి పని చేయించాలి. 60 మీటర్లు దాటిన మేజర్ బ్రిడ్జిలు 4, మిగతా 27 మైనర్ బ్రిడ్జిలు, అంటే 6 మీటర్ల పైన 60 లోపు. అంతకంటే చిన్నవి కల్వర్టులు, అవి వేరే టీమ్ చూసుకుంటుంది.

ఇన్నేళ్లూ నేను చేసిందంతా రిపేర్లే. చువ్వలు తుప్పు పట్టి కాంక్రీట్ పెచ్చులు ఊడిపడ్డాక పిలుస్తారు, మనం పోయి పరంజీ కట్టి, పాడైన కాంక్రీట్ కొట్టేసి, తుప్పు గీకి, మైక్రో కాంక్రీట్ పోసి వస్తాం. పన్నెండేళ్లలో అలా ఎన్ని చేశానో లెక్క లేదు గానీ ప్రతిసారీ పరంజీ మీద నిలబడి తల పైకెత్తి చూస్తే కనపడేది ఒకటే, సరిగ్గా ఆ పాడైన చోటికి పైనెక్కడో మూసుకుపోయిన పైపు ఉంటుంది, లేదా కారుతున్న జాయింటు, అంటే బ్రిడ్జి ముక్కల మధ్య వదిలిన సందు, ఉంటుంది. ఎవరైనా పదేళ్ల కిందట ఒక తట్ట మట్టి తీసుంటే నేను ఇక్కడికి రావాల్సిన పని ఉండేది కాదు కదా అనిపించేది. అందుకే ఈ పని వచ్చినప్పుడు నిజంగా సంతోషపడ్డా.

మార్చి 4

ఇన్‌స్పెక్షన్ మొదలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల బ్రిడ్జి ఇన్‌స్పెక్షన్ పుస్తకం, ఐఆర్‌సీ ఎస్పీ 35, బ్యాగులోనే ఉంది, అందులో చెప్పినట్టు వానలకి ముందు ఒకసారి వానల తర్వాత ఒకసారి రొటీన్ ఇన్‌స్పెక్షన్. మా సామాను: టార్చి, చిన్న సుత్తి, పగుళ్లు కొలిచే కార్డు, టేపు, చాక్‌పీసులు, బైనాక్యులర్, ఫోను. కిందికి చెయ్యి చాచి మనిషిని గర్డర్ల (రోడ్డుని మోసే దూలాల) దగ్గరికి తీసుకుపోయే మొబైల్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ బండి అద్దెకి దొరికింది గానీ దాన్ని నాలుగు మేజర్ బ్రిడ్జిలకి మాత్రమే పెట్టుకున్నాం.

సుత్తి గురించి ఒక మాట. కాంక్రీట్ మీద మెల్లగా కొట్టుకుంటూ పోతే బాగున్న చోట ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది, అక్కడ చాక్‌పీసుతో గీత గీసెయ్యడమే. బయటికి పెచ్చు ఊడకముందే, పగులు కూడా కనపడకముందే ఈ శబ్దం చెప్పేస్తుంది. నాతో వచ్చిన జూనియర్ తమ్ముడికి మొదటి రోజు తేడా తెలియలేదు, మా మేస్త్రి అన్న "కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తరు గద, గదే" అన్నాడు, అంతే, రెండో రోజుకి పట్టేశాడు.

రెండు రోజులు నంబర్లకే పోయాయి. ఎడమ వైపు గర్డర్ అని ఒకరు రాస్తే ఎవరి ఎడమ? పోతున్నప్పుడా వస్తున్నప్పుడా? పాత రిపోర్టుల్లో ఇదే గోల, ఒకే పగులుని రెండేళ్లలో రెండు వేర్వేరు గర్డర్ల మీద రాశారు, దాంతో అది పెరిగిందా లేదా అని పోల్చి చూసే వీల్లేదు. మేం ఖాయం చేసుకున్నది: హైదరాబాద్ వైపు వీపు పెట్టి నిలబడాలి, దగ్గర్లో ఉన్నది స్పాన్ 1 (స్పాన్ అంటే రెండు స్తంభాల మధ్య ముక్క), ఎడమ నుంచి గర్డర్ 1. ప్రతి ఫోటోలో చిన్న పలక మీద బ్రిడ్జి నంబరు, స్పాన్, గర్డర్, తేదీ కనపడాలి. పలక లేని ఫోటో షీటులో ఎక్కించం.

మార్చి 19

ఇవాళ చేసింది వివరంగా రాస్తా, నాకు చాలా ముఖ్యం అనిపించింది.

14వ నంబరు మైనర్ బ్రిడ్జి. పైకి చూస్తే ఏ లోపమూ లేదు, రోడ్డు నున్నగా ఉంది, రెయిలింగ్‌కి రంగులు కొత్తగా ఉన్నాయి. కిందికి దిగితే రెండో పియర్ క్యాప్ (స్తంభం తల) మీద నల్లటి చారలు. ఎండాకాలం కాబట్టి తడి లేదు. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో తెలియాలంటే వాన రావాలి, వాన దాకా ఆగితే క్లీనింగ్ సీజన్ అయిపోతుంది. మేస్త్రి అన్నే ఐడియా ఇచ్చాడు, "మేడం, ఒక ట్యాంకర్ తెప్పిద్దాం, మనమే వాన కురిపిద్దాం" అని. 5,000 లీటర్ల ట్యాంకర్ తెప్పించి, ఒక లేన్ ఆపి, పైన నీళ్లు వదిలి నేను, తమ్ముడు కింద నిలబడ్డాం.

మొదట పైపుల నుంచి రావాలి. ఆ బ్రిడ్జికి ఒక్కో వైపు 12 డ్రెయినేజీ పైపులు, మొత్తం 24. నీళ్లు వచ్చింది 9 నుంచి. మిగతా 15 మట్టి, గుట్కా ప్యాకెట్లు, ఎండిన ఆకులు, తారు ముద్దలతో బిగుసుకుపోయాయి. పైపులో పోవాల్సిన నీళ్లు పక్కకి పారి జాయింటు దగ్గరికి చేరాయి, జాయింటులో రబ్బరు సీలు రెండు చోట్ల చిరిగి ఉంది, అక్కడి నుంచి ధారగా పియర్ క్యాప్ మీదకి దిగాయి. క్యాప్ మీద ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి ఉంది, అది స్పాంజిలా నీళ్లు పీల్చుకుంది. ఆ తడి మట్టి మధ్యలో కూర్చున్నవి బేరింగులు, అంటే గర్డర్ అటూ ఇటూ జరగడానికి దాని కింద పెట్టేవి. పైన వదిలిన నీళ్లు అయిపోయిన మూడు గంటలకి కూడా ఆ మట్టి పిండితే నీళ్లు కారుతున్నాయి, వానాకాలంలో అయితే నాలుగు నెలలు అది ఆరదు.

బేరింగ్ ఎందుకు అంత ముఖ్యం అంటే గర్డర్ ఎండకి సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. కాంక్రీట్ ఒక డిగ్రీకి మీటరుకి 12 మైక్రాన్లు సాగుతుంది అనుకుంటే, 25 మీటర్ల స్పాన్ 30 డిగ్రీల తేడాకి 9 మిల్లీమీటర్లు అటూ ఇటూ జరగాలి. జనవరి తెల్లవారుజామున, మే నెల మధ్యాహ్నం మన దగ్గర ఆ తేడా వస్తుంది. జరిగే దారిలో మట్టి గట్టిపడి రాయిలా అయితే, జాయింటు గ్యాప్‌లో కంకర ఇరుక్కుంటే, ఆ 9 మిల్లీమీటర్ల తోపుడు అంతా పోయి అబట్‌మెంట్ (బ్రిడ్జి చివర ఉండే) గోడ మీదో గర్డర్ చివర మీదో పడుతుంది, అక్కడ పగులు వస్తుంది. అప్పుడు బేరింగ్ మార్చాలంటే జాకీలు పెట్టి మొత్తం స్పాన్ లేపాలి, ట్రాఫిక్ ఆపాలి. ఇవాళ అదే చోట నలుగురు మనుషులు గడ్డపార, చీపుర్లతో ఒక పూటలో మట్టి మొత్తం ఎత్తేశారు.

ఒక విషయం మేస్త్రి అన్న చూపించాడు, నేను గమనించలేదు. పనిచేస్తున్న ఆ 9 పైపుల్లో కూడా నాలుగు పొట్టివి, స్లాబు అడుగు భాగంతో సమానంగా ఆగిపోయాయి. నీళ్లు కింద పడకుండా కాంక్రీట్‌ని అంటుకుని పాకుతూ గర్డర్ పక్క మీదుగా దిగుతున్నాయి. "పైపు పనిజేస్తుందని రాస్తరు మేడం, గానీ గిది గర్డర్‌కే నీళ్లు తాపుతుంది" అన్నాడు. షీటులో 'పైపు మూసుకుందా' అని ఒక్క కాలమే ఉండేది, ఇప్పుడు 'కిందికి ఎంత పొడుగుంది' అని ఇంకోటి పెట్టాం.

ఏప్రిల్ 8

కార్బొనేషన్ టెస్టులు పది బ్రిడ్జిల మీద. మన దగ్గర సముద్రం లేదు కాబట్టి విశాఖలో లాగా ఉప్పుగాలి బాధ లేదు, ఇక్కడ చువ్వల శత్రువు గాల్లోని కార్బన్ డయాక్సైడ్. కొత్త కాంక్రీట్ పీహెచ్ 12, 13 దగ్గర ఉంటుంది, ఆ క్షారంలో చువ్వ మీద సన్నని రక్షణ పొర ఏర్పడి తుప్పు పట్టదు. కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోయేకొద్దీ పీహెచ్ 9 కిందికి పడిపోతుంది, ఆ పొర పోతుంది. టెస్టు సులువు: చిన్న ముక్క చెక్కి, తాజాగా విరిగిన చోట ఫినాల్ఫ్తలీన్ కొట్టాలి, గులాబీ రంగు వస్తే ఇంకా బాగున్నట్టు, రంగు రాకపోతే అంతమేర కార్బొనేట్ అయినట్టు. చెక్కిన చోటు మళ్లీ పాలిమర్ మోర్టార్‌తో పూడ్చాలి, ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఈ లోతు కాలానికి వర్గమూలంతో పెరుగుతుంది. 25 ఏళ్ల బ్రిడ్జిలో 15 మిల్లీమీటర్లు లోపలికి పోయిందంటే, 15 ని 25 వర్గమూలం 5 తో భాగిస్తే వచ్చే అంకె 3. కవర్, అంటే చువ్వ మీదున్న కాంక్రీట్ మందం, 40 మిల్లీమీటర్లు ఉంటే చువ్వ దాకా పోవడానికి 170 ఏళ్ల పైనే, దిగులు లేదు. అదే వయసున్న 22వ నంబరు బ్రిడ్జి చివరి గర్డర్‌లో 20 మిల్లీమీటర్లు పోయింది, అంకె 4, కానీ కవర్ మీటర్ పెడితే ఒక చోట కవర్ 22 మాత్రమే. 22 ని 4 తో భాగిస్తే అయిదున్నర, దాని వర్గం 30. అంటే ఇంకో అయిదేళ్లు. కట్టేటప్పుడు కవర్ బ్లాక్ సరిగ్గా పెట్టకపోవడం వల్ల ఒక బ్రిడ్జికి వందేళ్లు, ఇంకోదానికి ముప్పై ఏళ్లు.

ఇంకో మెలిక ఉంది. కార్బొనేషన్ మరీ తడిగా ఉన్న కాంక్రీట్‌లో నెమ్మదిగా పోతుంది, ఒక మోస్తరు పొడిగా ఉన్న చోట తొందరగా పోతుంది. కానీ తుప్పుకి మాత్రం తేమ కావాలి. అంటే ఏళ్ల తరబడి పొడిగా ఉండి కార్బొనేట్ అయిపోయిన గర్డర్‌కి, ఇప్పుడు కొత్తగా ఒక జాయింటు చిరిగి నీళ్లు తగిలితే? అప్పుడు తుప్పు ఆగదు. 22వ నంబరులో సరిగ్గా ఆ 22 మిల్లీమీటర్ల కవర్ పక్కనే ఒక పొట్టి పైపు ఉంది. ఇవాళే దానికి అడుగున్నర పొడుగు పైపు తొడిగించేశాం, ప్లాన్ అప్రూవ్ అయ్యేదాకా ఆగలేదు.

సాయంత్రం వస్తూ కార్వాన్ మీదుగా వచ్చాం, పురానాపూల్ దగ్గర తమ్ముడు అడిగాడు, 1578లో కట్టింది ఇంకా నిలబడింది, మనవి ముప్పై ఏళ్లకే ఎందుకిలా అని. మంచి ప్రశ్న. అది రాతి కమాను, బరువంతా రాళ్లని ఒకదాన్నొకటి నొక్కుతూ పోతుంది, లోపల తుప్పు పట్టడానికి ఇనుము లేదు, కారడానికి జాయింటు లేదు, ఇరుక్కోవడానికి బేరింగ్ లేదు. 1908 మూసీ వరదని చూసిన బ్రిడ్జి అది. మనం ఇనుముని కాంక్రీట్‌లో దాచి పెద్ద పెద్ద స్పాన్లు కడుతున్నాం, అది గొప్ప విషయమే, కానీ దాచిన ఇనుముని పొడిగా ఉంచే పూచీ కూడా మనమే తీసుకున్నట్టు.

ఏప్రిల్ 23

షీటు తయారైంది. ప్రతి బ్రిడ్జికి 0 నుంచి 9 దాకా రేటింగ్ (అంకె తగ్గేకొద్దీ పాడైనట్టు), కేంద్రం 2016లో మొదలుపెట్టిన ఇండియన్ బ్రిడ్జ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో వాడే స్కేలు లాంటిదే. అన్నీ ఎక్కించి తక్కువ నుంచి ఎక్కువకి సార్ట్ చేస్తే పైన 3 రేటింగ్‌తో రెండు బ్రిడ్జిలు, 4 తో మూడు. సహజంగా ఎవరైనా ఏం చేస్తారు, పైనుంచి డబ్బులు ఖర్చుపెట్టుకుంటూ వస్తారు. లెక్క వేస్తే మొదటి రెండు బ్రిడ్జిలకే ఈ ఏడాది డబ్బంతా అయిపోతుంది, మిగతా 29కి ఒక్క పైపు కూడా క్లీన్ చెయ్యలేం. అప్పుడు వచ్చే ఏడాది 5 లో ఉన్నవి 4 కి జారతాయి, మళ్లీ వాటి వెంట పరుగు. నేను పన్నెండేళ్లుగా చూస్తున్నది ఈ పరుగే.

అందుకే షీటుని తిరగేశా. 3, 4 రేటింగ్ ఉన్న అయిదింటినీ వేరే ట్యాబ్‌లో పెట్టా, అవి రిహాబిలిటేషన్ (పెద్ద రిపేర్లు) కిందికి పోవాలి, వాటికి వేరే ప్రపోజల్, అప్పటిదాకా స్పీడు తగ్గింపు, బరువు మీద హద్దు, నెలకోసారి వెళ్లి చూడటం. ప్రివెంటివ్ డబ్బు మాత్రం 6, 7 లో ఉన్న బాగున్న బ్రిడ్జిలకి. 5 వాటికి వీలైనంత.

మీటింగులో సార్ వెంటనే ఆపేశారు. "బాగున్న బ్రిడ్జికి డబ్బులెందుకమ్మా, పాడైనదాన్ని వదిలేసి? రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?" ఆయన భయంలో న్యాయం ఉంది, సంతకం ఆయనది. నేను డి సిట్టర్ అయిదు రెట్ల సూత్రం చెప్పా, 1984లో చెప్పింది, కట్టేటప్పుడు ఒక రూపాయితో అయ్యేది, తుప్పు మొదలవకముందు మెయింటెనెన్స్‌లో 5, తుప్పు మొదలయ్యాక రిపేరులో 25, పూర్తిగా పాడయ్యాక 125 అని. సార్ వింటున్నారు గానీ ఎక్కడం లేదు. చివరికి నేను మా అమ్మమ్మ వాళ్ల ఊరి ఇల్లు చెప్పా, నల్లగొండ దగ్గర, గూనపెంకల ఇల్లు. ఏటా వానలకి ముందు పెంకలు సర్దేవాళ్లని పిలిచి, పగిలినవి తీసి కొత్తవి పెట్టించేవాళ్లు. ఇల్లు కురవకముందే. ఒక్క ఏడు సర్దకపోతే దూలం నానేది, దూలం నానితే చెద పట్టేది, చెద పడితే కప్పు మొత్తం దించాలి. సార్ ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "మా ఇల్లూ గంతే ఉండె" అన్నారు. ఫైలు కదిలింది. కానీ ఆ అయిదు బ్రిడ్జిల ప్రపోజల్ కూడా అదే నెలలో పంపాలని షరతు పెట్టారు, సరైన షరతు.

మే 27

మా లెక్క ప్రకారం క్లీనింగ్‌కి జూన్ 10 దాకా టైముండాలి. రుతుపవనాలు కేరళకి మే 24నే వచ్చేశాయి, అదే వారంలో మనకీ వానలు మొదలయ్యాయి. ఆ అయిదు పోగా 26 బ్రిడ్జిల్లో 19 పూర్తయ్యాయి, 7 మిగిలిపోయాయి. చాలా బాధగా ఉంది, ఒక్క రెండు వారాలు ముందు మొదలుపెట్టుంటే అయ్యేది. వచ్చే ఏడాది గ్యాంగ్ ఏప్రిల్ 1కే దిగాలి, ఈ మాట షీటులో పైన ఎర్రగా రాసిపెట్టా.

గ్యాంగులో ఎక్కువమంది పాలమూరు వైపు నుంచి వచ్చిన అక్కలు, అన్నలు. ఒక అక్క పైపు మట్టి తీసేటప్పుడు నీళ్లు పోసి కింద ఇంకో మనిషి 'వచ్చింది' అని అరిస్తేనే తరువాతి పైపుకి పోయేది, ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టింది. ఇప్పుడు అది రూలు చేశాం.

రావి మొక్కలు కూడా చాలా తీశాం. ఒక జాయింటు పక్కన మొలిచినదాన్ని తమ్ముడు లాగబోతే మేస్త్రి ఆపాడు, పైన పీకితే ఏర్లు లోపలే ఉంటయి, మళ్లా మొలుస్తది అని. చుట్టూ పగులు కొద్దిగా తెరిచి, వేరు కోసి, మందు పెట్టి, ఆరాక మూసేయాలి. ఓపిక కావాలి.

ఈ నెలలో బాగా కోపం తెప్పించింది తారు. ఆరు బ్రిడ్జిల మీద రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తియ్యకుండా పైన ఇంకో పొర వేసేశారు. జాయింటు మీద కూడా తారు, పైపు నోటి మీద కూడా తారు. వేరింగ్ కోట్ (బండ్లు నడిచే పై పొర) 65 మిల్లీమీటర్లు ఉండాల్సింది ఒక చోట కోసి చూస్తే 115 ఉంది. 20 మీటర్ల స్పాన్, ఏడున్నర మీటర్ల వెడల్పు, అంటే 150 చదరపు మీటర్లు, దాని మీద 50 మిల్లీమీటర్లు అదనం అంటే ఏడున్నర ఘనపు మీటర్లు, దాదాపు 17 టన్నులు. 2018లో లారీల బరువు పెంచాక రెండు ఇరుసుల లారీకి మొత్తం 18.5 టన్నులు అనుమతి. అంటే ప్రతి స్పాన్ మీద ఇంచుమించు ఒక నిండు లారీని రాత్రింబవళ్లు ఆపి ఉంచినట్టే. మిల్లింగ్ చేసి పాత పొర తీశాకే కొత్తది వెయ్యాలని ఈ 31కి రాతపూర్వకంగా పెట్టించాం.

జూలై 10

నిన్న పొద్దున గుజరాత్‌లో మహి నది మీద గంభీరా బ్రిడ్జి కూలింది, నడుస్తున్న బండ్లు నదిలో పడిపోయాయి. 1985లో కట్టింది, అంటే నలభై ఏళ్లు. పనిలో ఉన్నవాళ్లం ఇలాంటి వార్త వేరేగా చదువుతాం, మనసులో మన బ్రిడ్జిలన్నీ ఒక్కొక్కటే కదులుతాయి. నిద్ర పట్టలేదు. 2016 ఆగస్టు 2 రాత్రి మహాడ్ దగ్గర సావిత్రి నది మీద పాత బ్రిడ్జి వరదలో కొట్టుకుపోయినప్పుడు కూడా ఇలాగే ఉంది, అప్పుడు నాకు ఉద్యోగంలో మూడో ఏడు.

పొద్దున్నే ఫోన్లు. రెండు రోజుల్లో 'అధ్వాన్నమైన బ్రిడ్జిల లిస్టు' కావాలి, ప్రివెంటివ్ పని ఆపి మనుషుల్ని అటు పెట్టండి అని. లిస్టు మన దగ్గర ఉంది, ఏప్రిల్‌లోనే ఇచ్చాం, అదే మళ్లీ పంపా. కానీ గ్యాంగ్‌ని తీసేస్తే మిగిలిన 7 బ్రిడ్జిల పైపులు ఈ వానాకాలమంతా అలాగే ఉంటాయి. రెండు గంటలు ఫోన్లో మాట్లాడితే సగం గ్యాంగ్ ఉంచారు.

జూలై 16

గంభీరాలో పెడెస్టల్ (బేరింగ్ కింద దిమ్మె), ఆర్టిక్యులేషన్ జాయింట్ నలిగిపోయాయని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఆర్టిక్యులేషన్ (హాఫ్ జాయింటు అనీ అంటాం) అంటే ఒక గర్డర్ చివర సగం మందానికి కోసిన మెట్టులా ఉంటుంది, దాని మీద ఇంకో గర్డర్ చివర, అదీ సగం మెట్టే, కూర్చుంటుంది. బరువు మొత్తం ఆ సన్నటి సగం మీద. పైన జాయింటు ఉంటుంది కాబట్టి నీళ్లు నేరుగా అక్కడికే దిగుతాయి, లోపలికి మన కన్ను పోదు, సుత్తి పోదు. కెనడాలో లావల్ దగ్గర 2006 సెప్టెంబర్ 30న కూలిన ఓవర్‌పాస్‌ది కూడా ఇలాంటి జాయింటే, అయిదుగురు చనిపోయారు, కూలడానికి గంట ముందే కాంక్రీట్ ముక్కలు రోడ్డు మీద పడ్డాయి, మనిషి వచ్చి ముక్కలు తీసి వెళ్లాడు కూడా.

మా 31లో ఇలాంటిది ఒకటుంది, 9వ నంబరు. రేటింగ్ 6 ఇచ్చాం. ఇవాళ మళ్లీ మొబైల్ యూనిట్ తెప్పించి ఆ మెట్టు లోపలికి సన్నటి కెమెరా పంపాం. ఒక మూల నుంచి ఏటవాలుగా కిందికి పగులు, 0.2 మిల్లీమీటర్ల లోపే, పక్కన తెల్లటి సున్నపు చార. ఆ చార ఉందంటే నీళ్లు లోపల నుంచి దాటుతున్నాయని అర్థం. రేటింగ్ 4 కి మార్చాం, బరువు హద్దు పెట్టమని అదే రోజు లెటర్ ఇచ్చాం, పగులు మీద గాజు పలక అతికించాం, పెరిగితే పలక పగులుతుంది. మార్చిలో నేను దీన్ని బైనాక్యులర్‌తో చూసి 6 రాశాను. ఆ సంతకం నాదే. ఇకనుంచి హాఫ్ జాయింటు లోపల చూడకుండా ఎవరూ 5 కి మించి ఇవ్వకూడదని షీటులోనే తాళం పెట్టా.

సెప్టెంబర్ 28

మొన్న 26 రాత్రి మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చేశాయి. మా రోడ్డు మీద రెండు బ్రిడ్జిల దగ్గర కూడా వాగులు గట్లు దాటాయి. నీళ్లు తగ్గుతుండగానే పోవాలని నిన్న తెల్లారేసరికి బయల్దేరాం. ఎందుకంటే వరద ఉధృతిలో పియర్ చుట్టూ మట్టి కోసుకుపోయి గుంత పడుతుంది, నీళ్లు తగ్గేటప్పుడు అదే గుంతలో వదులు మట్టి మళ్లీ వచ్చి పేరుకుంటుంది. వారం తర్వాత పోయి చూస్తే అంతా మామూలుగా కనపడుతుంది, కింద మాత్రం గట్టి నేల ఉండదు.

పైనుంచి తాడుకి ఇనుప గుండు కట్టి వదిలి, రెండు అడుగులకోసారి లోతు కొలిచాం. 27వ నంబరులో మూడో పియర్ ఎగువ వైపు మే నెల కొలత కంటే మీటరున్నర లోతు. ఆ పియర్‌కి ఒక పెద్ద తుమ్మ మొద్దు, దాని చుట్టూ ప్లాస్టిక్, గడ్డి అడ్డం పడి ఉన్నాయి, నీళ్లకి దారి ఇరుకై సుడి ఎక్కువై మట్టి ఇంకా కోసింది. మొద్దు తీయించడానికి క్రేన్ వచ్చింది, రాళ్ల ఏప్రాన్‌కి, అంటే మట్టి కోసుకుపోకుండా పియర్ చుట్టూ పరిచే రాళ్లకి, ప్రపోజల్ పోయింది.

నవంబర్ 9

వానల తర్వాత ఇన్‌స్పెక్షన్ పూర్తి. మే నెలలో క్లీన్ చేసిన 19 బ్రిడ్జిల్లో 16 చోట్ల పియర్ క్యాపులు పొడిగా ఉన్నాయి, తెల్లగా, చెయ్యి పెడితే దుమ్ము అంటుకునేలా. మిగతా మూడింట్లో జాయింటు రబ్బరు మళ్లీ చిరిగింది, అవి మార్చాలి. వానల ముందు అందుకోలేకపోయిన 7 బ్రిడ్జిల్లో మిగిలిన సగం గ్యాంగుతో నాలుగు ఎలాగో ముగించాం, చివరి మూడింటి కింద ఇప్పటికీ తడి మట్టి ఉంది, ఒకదాంట్లో బేరింగ్ పక్కన కొత్తగా తుప్పు మరక కారింది. ఆ రెండు రకాల ఫోటోలు పక్కపక్కన పెట్టి సార్‌కి పంపా, కింద ఏమీ రాయలేదు.

9వ నంబరు గాజు పలక పగల్లేదు. అయినా రిహాబిలిటేషన్ లిస్టులోంచి తియ్యట్లేదు.

సాయంత్రం మేస్త్రి అన్న ఫోన్ చేశాడు. "మేడం, ఏప్రిల్ ఒకటికి ఎంతమంది కావాలె? ఇప్పుడే చెప్పుండ్రి, పండుగకి ఊరికి పోతే మల్ల దొరుకరు." ఇరవై మంది అన్నా. పొడుగు పైపులకి కూడా ఆర్డర్ ఇప్పుడే పెట్టమని చెప్పా, అడుగున్నరవి, 140.